ఎడిటర్ మూతపడినా కోడ్ మిగలాలంటే: టెక్స్ట్ ఫైళ్లలో స్నిప్పెట్లు, కథా కమామీషు

2022 డిసెంబరు 15న ఆటమ్ అనే ప్రోగ్రామింగ్ ఎడిటర్‌ను గిట్‌హబ్ సంస్థ ఆపేసింది. 2014లో బయటికొచ్చిన ఆటమ్‌ను ఒకప్పుడు ఎంతోమంది ప్రోగ్రామర్లు ఇష్టంగా వాడారు. ఆపేస్తున్న సంగతి ఆ ఏడాది జూన్‌లోనే ప్రకటించారు కాబట్టి సర్దుకోవడానికి ఆరు నెలల వ్యవధి దొరికింది. కొత్త ఎడిటర్ వేసుకోవడం పది నిమిషాల పని. కానీ ఏళ్ల తరబడి పాత ఎడిటర్‌లో సొంతంగా పోగేసుకున్న సరంజామా మాటేమిటి? ముఖ్యంగా, రోజూ చేతికందే కోడ్ స్నిప్పెట్లు ఏమవుతాయి?

ఈ విషయంలో ఆటమ్ వాడినవారికి పెద్దగా నష్టం జరగలేదు. వారు రాసుకున్న స్నిప్పెట్లన్నీ హోమ్ ఫోల్డర్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఉండేవి. దాన్ని తెరవడానికి ఆటమ్ అక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు. లోపల ఏముందో చదివితే అర్థమవుతుంది. కాస్త ఓపికతో చేత్తోనో, చిన్న స్క్రిప్టుతోనో వేరే ఎడిటర్ కోరే రూపంలోకి మార్చుకోవచ్చు. అవే స్నిప్పెట్లు ఆటమ్‌కు మాత్రమే తెలిసిన ఏ బైనరీ ఫైలులోనో ఉండి ఉంటే, ఎడిటర్‌తో పాటే అవీ మూలనపడేవి.

కోడ్ తునకలను మనిషి చదవగలిగే, నేరుగా దిద్దగలిగే ఫైళ్లలో దాచుకోవాలన్న వాదనకు మూలం ఇదే. పైకి చిన్న విషయంగా కనిపించినా, సొంత డేటా మీద అధికారం ఎవరిదన్న పెద్ద ప్రశ్న ఇందులో ఉంది.

స్నిప్పెట్ అంటే ఏమిటి?

ప్రోగ్రామర్లు ఒకే తరహా కోడ్‌ను పదేపదే రాయాల్సి వస్తుంది. ఫైలు తెరిచి వరుసవరుసగా చదవడం, డేటాబేస్‌కు కనెక్ట్ కావడం, వెబ్ పేజీకి మొదటి పది వరుసల చట్రం వేయడం వంటివి. ఇలాంటి తునకను ఒక పొట్టి పేరుతో దాచుకుని, ఆ పేరు టైప్ చేసి ట్యాబ్ మీట నొక్కగానే మొత్తం కోడ్ పరుచుకునేలా చేసే ఏర్పాటే స్నిప్పెట్.

ఈ పద్ధతికి విస్తృత ప్రాచుర్యం తెచ్చింది 2004లో మ్యాక్ కంప్యూటర్ల కోసం వచ్చిన టెక్స్ట్‌మేట్ ఎడిటర్. దాని రూపకర్త ఆలన్ ఓడ్‌గార్డ్. స్నిప్పెట్‌లో మారాల్సిన చోట డాలర్ గుర్తు, పక్కన ఒక అంకె పెడితే చాలు. కోడ్ పరుచుకున్నాక కర్సర్ ఆ అంకెల వరుసలోనే ఒక్కో ఖాళీ దగ్గరికి వెళ్తుంది. విమ్‌లో స్నిప్‌మేట్, ఆ తర్వాత అల్టీస్నిప్స్, ఈమ్యాక్స్‌లో యాస్నిప్పెట్, సబ్లైమ్ టెక్స్ట్, ఆటమ్, మైక్రోసాఫ్ట్ 2015లో ప్రకటించిన విజువల్ స్టూడియో కోడ్ ఇవన్నీ కాస్త అటూ ఇటూగా ఇదే దారిలో నడిచాయి. అందుకే ఆటమ్ నుంచి విజువల్ స్టూడియో కోడ్‌కు మారినవారు ఫైలు రూపాన్ని మార్చుకోవాల్సి వచ్చిందే తప్ప, లోపలి డాలర్ అంకెలను దాదాపు ముట్టుకోనక్కర్లేకపోయింది.

మూడు పరీక్షలు

'టెక్స్ట్ ఫైలు', 'చదవగలిగే ఫైలు', 'నేరుగా దిద్దగలిగే ఫైలు' అన్న మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడతారు. నిజానికి ఇవి మూడు వేర్వేరు మెట్లు.

మొదటిది: ఏ సాదా ఎడిటర్‌లోనైనా ఫైలు తెరుచుకుంటుందా? డేటాబేస్ ఫైలు ఇక్కడే ఆగిపోతుంది. కొన్ని యాప్‌లు తమ డేటాను ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాస్తాయి. అలాంటి ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అక్కడక్కడా కొన్ని మాటలు, మిగతాదంతా గజిబిజి గుర్తులు కనిపిస్తాయి.

రెండోది: తెరుచుకున్నది మనిషికి అర్థమవుతుందా? డేటా సైన్స్‌లో విరివిగా వాడే జుపిటర్ నోట్‌బుక్ దీనికి మంచి ఉదాహరణ. ఆ ఫైలు జేసన్ రూపంలో ఉండే టెక్స్టే. కానీ అందులో కోడ్‌తో పాటు దాని ఫలితాలు, ఆఖరికి గ్రాఫుల బొమ్మలు కూడా అక్షరాల దండగా మారి చేరతాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చి మళ్లీ నడిపినా, ఫైలులో వందల వరుసలు మారినట్టు కనిపించవచ్చు. ఈ చిక్కును తప్పించుకోవడానికే నోట్‌బుక్‌ను మామూలు పైథాన్ ఫైలుగానో, మార్క్‌డౌన్‌గానో దాచే జుపిటెక్స్ట్ వంటి పనిముట్లు పుట్టుకొచ్చాయి.

మూడోది: చేత్తో దిద్దితే పాడవకుండా ఉంటుందా? చాలా ఫైళ్లు తడబడేది ఇక్కడే. విజువల్ స్టూడియో కోడ్‌లో స్నిప్పెట్లు జేసన్ ఫైలులో ఉంటాయి. ఒక్కో దానికి పేరు, ట్రిగ్గర్ మాట, అసలు కోడ్, వివరణ అన్న భాగాలుంటాయి. చదవడానికి ఇబ్బంది లేదు. రాయడం మొదలుపెట్టాకే తంటా. కోడ్‌లోని ఒక్కో వరుసను విడిగా కొటేషన్లలో పెట్టి, మధ్యలో కామా వేయాలి. కోడ్‌లో అప్పటికే కొటేషన్లు ఉంటే ప్రతిదాని ముందూ వెనుక గీత పెట్టాలి. షెల్ స్క్రిప్టులోనో, పీహెచ్‌పీలోనో మామూలుగా వచ్చే డాలర్ గుర్తును ఖాళీగా పొరబడకుండా ఉండాలంటే దాని ముందు ఏకంగా రెండు వెనుక గీతలు కావాలి. స్నిప్పెట్ భాష కోసం ఒకటి, ఆ గీతను జేసన్ మింగేయకుండా ఇంకొకటి. పనిచేస్తున్న కోడ్‌ను కాపీ చేసి తెచ్చి అతికించగానే సరిపోదు. ఈ కారణంగానే మామూలు కోడ్ ఇస్తే జేసన్‌గా మార్చిపెట్టే పనిముట్లు విడిగా వచ్చాయి.

అల్టీస్నిప్స్ ఫైలులో ఈ బెడద తక్కువ. 'స్నిప్పెట్' అన్న మాటతో మొదలుపెట్టి, కింద కోడ్‌ను దాదాపు ఉన్నదున్నట్టు రాసి, 'ఎండ్‌స్నిప్పెట్' అని ముగిస్తే చాలు. యాస్నిప్పెట్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ ఒక్కో స్నిప్పెట్‌కు ఒక్కో ఫైలు. పైన రెండు మూడు వరుసల్లో పేరు, ట్రిగ్గర్ మాట, ఒక అడ్డగీత, కింద కోడ్. అంతే. మూడు పరీక్షల్లోనూ ఇవి సులువుగా గట్టెక్కుతాయి.

ఫైలు రూపాల్లో మెలికలు

టెక్స్ట్ రూపాల్లో దేని బలహీనత దానిదే. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన జేసన్‌కు నియమాలు తక్కువ, ఏ భాషలోనైనా చదవవచ్చు. కానీ అసలు జేసన్ నిబంధనల ప్రకారం వ్యాఖ్యలు రాయకూడదు, చివరి అంశం తర్వాత కామా ఉండకూడదు. విజువల్ స్టూడియో కోడ్ తన సెట్టింగులు, స్నిప్పెట్ల ఫైళ్లలో వ్యాఖ్యలను అనుమతించడం ఒక సడలింపు మాత్రమే.

యామల్‌లో కొటేషన్ల గోల తక్కువ, పొడవాటి కోడ్‌ను అలాగే కిందకి జరిపి రాసుకోవచ్చు. అయితే మనిషి ఉద్దేశాన్ని అది అతిగా ఊహిస్తుంది. దేశాల కోడ్‌ల జాబితాలో నార్వేకు రాసే 'ఎన్ఓ' అన్న రెండక్షరాలను యామల్ 1.1 నియమాలు 'కాదు' అన్న తార్కిక విలువగా తీసుకుంటాయి. ప్రోగ్రామర్ల లోకంలో దీనికి 'నార్వే సమస్య' అనే పేరే స్థిరపడింది. 2009లో వచ్చిన 1.2 నియమాల్లో దీన్ని సరిదిద్దినా, పాత పద్ధతినే పాటించే లైబ్రరీలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. సబ్లైమ్ టెక్స్ట్ వాడే ఎక్స్‌ఎంఎల్‌లో కోడ్‌ను ఒక ప్రత్యేక కంచె మధ్య ఉన్నదున్నట్టు పెట్టవచ్చు కానీ, చుట్టూ ఉండే ట్యాగుల వల్ల చూపుకు బరువు.

ఇక మార్క్‌డౌన్. జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేసిన ఈ రూపం మొదట వెబ్ రచన కోసం పుట్టింది. వివరణను మామూలు వాక్యాల్లో రాసి, కోడ్‌ను మూడు బ్యాక్‌టిక్ గుర్తుల కంచెలో పెట్టే అలవాటు తర్వాత స్థిరపడింది. ఎడిటర్ నేరుగా పరిచే స్నిప్పెట్‌గా కాకపోయినా, వెతికి చూసుకుని కాపీ చేసుకునే సొంత పుస్తకంలా దాచుకోవడానికి దీనికి మించినది దొరకడం కష్టం. ఈ కోడ్ ఎందుకు రాశాం, ఎక్కడ పనిచేయదు అన్న ముచ్చట కూడా కోడ్ పక్కనే ఉంటుంది.

చరిత్ర గుర్తుండాలంటే

టెక్స్ట్ ఫైళ్లకు అతిపెద్ద బలం గిట్. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఫైలులో ఏ వరుస ఎప్పుడు, ఎవరి చేతిలో మారిందో చూపిస్తుంది. ఆ చూపించడం వరుసల లెక్కన సాగుతుంది కాబట్టి టెక్స్ట్‌కే అది నప్పుతుంది. డేటాబేస్ ఫైలును గిట్‌లో పెడితే 'ఫైలు మారింది' అని చెబుతుందే తప్ప, ఏం మారిందో చెప్పలేదు.

బృందంగా పనిచేసేవారికి ఇది మరింత అక్కరకొస్తుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో స్నిప్పెట్లను ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఒక ఫైలుగా పెట్టవచ్చు. ప్రాజెక్టును దించుకున్న ప్రతి ఒక్కరికీ అవి వాటంతటవే చేరతాయి. కొత్తగా చేరినవారికి బృందం పద్ధతులు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని తగ్గుతుంది. ఒక స్నిప్పెట్‌లో భద్రతా లోపం కనబడితే, సరిదిద్దిన తేదీ, కారణం కూడా చరిత్రలో నమోదవుతాయి.

ఇక్కడా ఫైలు రూపం ప్రభావం ఉంది. అందరి స్నిప్పెట్లూ ఒకే జేసన్ ఫైలు చివర చేరుతుంటే, ఇద్దరు ఒకేసారి చేర్చినప్పుడు చివరి కామా దగ్గరే ఘర్షణ వస్తుంది. ఒక్కో స్నిప్పెట్‌కు ఒక్కో ఫైలు ఉంటే ఆ తగాదా ఉండదు.

తెలుగుకు తెలిసిన పాఠం

ఎడిటర్‌నో ఫాంటునో నమ్ముకుని డేటాను దాస్తే ఏమవుతుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ కేంద్రాల్లో తెలుగు టైపింగ్ అంతా అను వంటి ఫాంట్ల మీదే నడిచింది. కొన్ని పత్రికల వెబ్‌సైట్లు కూడా సొంత ఫాంట్లతో నడిచాయి. ఆ ఫైళ్లలో ఉన్నది నిజానికి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాలు, ఇతర గుర్తుల స్థానాలకు తెలుగు ఆకారాలు తగిలించిన ఏర్పాటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. వెతకడం కుదరదు, వేరే ఫాంటుకు మార్చడం కుదరదు. ఆ రాతలను యూనికోడ్‌లోకి మార్చడానికి 'పద్మ' వంటి పనిముట్లు తయారుచేయాల్సి వచ్చింది.

యూనికోడ్ తొలి కూర్పు 1991లో వచ్చినప్పుడే తెలుగుకు అందులో చోటు దక్కింది. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. నేడు టెక్స్ట్ ఫైలు అంటే యూటీఎఫ్-8 అనే అర్థం దాదాపు స్థిరపడింది. విండోస్ నోట్‌ప్యాడ్ మాత్రం 2019లో గానీ దీన్ని డిఫాల్ట్‌గా తీసుకోలేదు.

అయినా తెలుగు విషయంలో 'చదవగలిగే ఫైలు' అన్న మాటకు ఇంకా మెలికలున్నాయి. పైథాన్‌లోని జేసన్ లైబ్రరీ డిఫాల్ట్‌గా తెలుగు అక్షరాలను అక్షరాలుగా రాయదు. 'త' అక్షరం బదులు వెనుక గీత, దాని తర్వాత యూనికోడ్ సంఖ్య 0సీ24 వచ్చే సంకేతం రాస్తుంది. యంత్రానికి రెండూ ఒకటే. కానీ స్నిప్పెట్ వివరణను తెలుగులో రాసుకున్నవారికి ఆ ఫైలు చదవరానిదే అవుతుంది. ఆస్కీకి పరిమితం కావద్దని చెప్పే ఒక్క సెట్టింగ్‌తో ఇది పోతుంది. గిట్ కూడా తెలుగు పేర్లున్న ఫైళ్లను డిఫాల్ట్‌గా అంకెల సంకేతాలుగా చూపిస్తుంది. అక్కడా ఒక సెట్టింగ్ మార్చాలి.

కంటికి కనిపించని అక్షరం మరో చిక్కు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట్, వే కలిసి ఒత్తుగా మారకుండా ఉండేందుకు మధ్యలో వెడల్పు లేని ఒక అదృశ్య సంకేతాన్ని పెడతారు. దానితో రాసిన మాట, అది లేకుండా రాసిన మాట యంత్రానికి వేర్వేరు. కొన్ని పనిముట్లలో ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు.

కంటికి కనిపించేదంతా నిజమేనా?

అదృశ్య సంకేతాల సమస్య తెలుగుకే పరిమితం కాదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ 2021లో 'ట్రోజన్ సోర్స్' పేరుతో ఒక దాడి పద్ధతిని బయటపెట్టారు. అరబిక్, హీబ్రూ వంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపుల కోసం యూనికోడ్‌లో దిశను మార్చే సంకేతాలున్నాయి. వాటిని కోడ్‌లో నేర్పుగా దూరిస్తే, మనిషికి ఒక క్రమం కనిపిస్తుంది, కంపైలర్ మరో క్రమంలో చదువుతుంది. ఆ తర్వాత గిట్‌హబ్, పలు ఎడిటర్లు ఇలాంటి సంకేతాలు కనబడితే హెచ్చరించడం మొదలుపెట్టాయి. ఎక్కడి నుంచో తెచ్చుకున్న తునకను దాచే ముందు ఆ హెచ్చరికను పట్టించుకోవడం మంచిది.

స్నిప్పెట్ ఫైలు కూడా కొన్నిసార్లు వట్టి టెక్స్ట్ కాదు. అల్టీస్నిప్స్‌లో పైథాన్ కోడ్, యాస్నిప్పెట్‌లో లిస్ప్ కోడ్ స్నిప్పెట్ పరుచుకునే సమయంలోనే నడుస్తాయి. ముక్కూమొహం తెలియనివారి స్నిప్పెట్ల కట్టను తెచ్చి వాడటం, వారి ప్రోగ్రామును నడపడంతో సమానం. ఫైలు చదవగలిగే రూపంలో ఉండటం వల్ల కనీసం ముందే తెరిచి చూసుకునే వీలుంది.

రహస్యాల సంగతి ఇంకా ముఖ్యం. డేటాబేస్ పాస్‌వర్డు, క్లౌడ్ సేవల తాళం పొరపాటున స్నిప్పెట్‌లో ఉండిపోతే, టెక్స్ట్ ఫైలు కాబట్టి చేతికి చిక్కిన ఎవరైనా చదవగలరు. గిట్‌లో చేరాక ఆ వరుసను తీసేసినా పాత చరిత్రలో అది ఉంటుంది. అప్పుడు చేయాల్సింది ముందు ఆ తాళాన్నే రద్దు చేయడం. గిట్‌హబ్‌లోని గిస్ట్ సేవలో 'సీక్రెట్' అని ఎంచుకున్నా అది ప్రైవేటు కాదు. లింకు తెలిసిన ఎవరికైనా తెరుచుకుంటుంది.

డేటాబేస్ పక్షాన

టెక్స్ట్ ఫైలే అన్నింటికీ మందు అనడం సరికాదు. వేల సంఖ్యలో స్నిప్పెట్లు పోగైతే ట్యాగులతో, భాషతో, తేదీతో జల్లెడ పట్టడంలో డేటాబేస్ వేగం వేరు. ఎస్‌క్యూలైట్ ఏదో ఒక కంపెనీ చెరలో ఉన్న రూపం కూడా కాదు. రిచర్డ్ హిప్ 2000లో తెచ్చిన ఈ డేటాబేస్ కోడ్ మొత్తం పబ్లిక్ డొమైన్‌లో ఉంది. ఫైలు రూపానికి బహిరంగ వివరణ ఉంది. డేటాసెట్ల దీర్ఘకాల భద్రతకు సిఫార్సు చేసే రూపాల్లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్నీ చేర్చింది. రెండు ప్రోగ్రాములు ఒకేసారి రాస్తే టెక్స్ట్ ఫైలు చెడిపోవచ్చు, డేటాబేస్ దాన్ని కాచుకుంటుంది.

అందుకే మధ్యేమార్గం ఒకటి వాడుకలో ఉంది. అసలు సరుకు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటుంది. వెతుకులాట కోసం వాటి నుంచి ఒక సూచిక తయారవుతుంది. సూచిక పోతే మళ్లీ నిర్మించుకోవచ్చు. టెక్స్ట్ పోతే మాత్రం తిరిగిరాదు కాబట్టి, బ్యాకప్ దానికే తీయాలి.

కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయకులు వచ్చాక స్నిప్పెట్ల అవసరమే తీరిపోయిందన్న మాటా వినిపిస్తోంది. పదే పదే టైప్ చేసే బరువు తగ్గిన మాట నిజమే. అయితే అడిగిన ప్రతిసారీ ఏఐ ఒకే జవాబు ఇస్తుందన్న హామీ లేదు. పరీక్షించి, సమీక్షించి ఒప్పుకున్న తునక మాత్రం ప్రతిసారీ అదే వస్తుంది. పైగా ఈ సహాయకులు కూడా ప్రాజెక్టు నియమాలను ఫోల్డర్‌లోని మార్క్‌డౌన్ ఫైళ్ల నుంచే చదువుతున్నాయి.

మొదలుపెట్టేవారికి

ఒక ఫోల్డర్, దానికి గిట్. భాషకో ఉపఫోల్డర్. వీలైనంత వరకు తునకకో ఫైలు. పేరు చూడగానే పని తెలియాలి. ఫైలు మొదట్లో వ్యాఖ్యగా నాలుగు వివరాలు: ఏం చేస్తుంది, ఎక్కడి నుంచి తెచ్చింది, ఏ తేదీన, ఏ లైసెన్సు కింద. చివరి రెండింటినీ చాలామంది వదిలేస్తారు. స్టాక్ ఓవర్‌ఫ్లో వంటి చోట ఉండే కోడ్ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వస్తుంది, మూలకర్తను పేర్కొనాలన్న షరతు అందులో ఉంది. ఉద్యోగంలో రాసిన కోడ్ మీద హక్కు సాధారణంగా సంస్థదే కాబట్టి, సొంత ఫోల్డర్‌ను, ఆఫీసు ఫోల్డర్‌ను కలపకపోవడం శ్రేయస్కరం.

ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8గా ఉంచాలి. వరుస ముగింపు గుర్తు విండోస్‌లో ఒక రకం, లినక్స్‌లో మరో రకం కాబట్టి ఒకదాన్ని ఎంచుకుని గిట్ సెట్టింగులలో రాసుకోవాలి. ఎడిటర్ కోరే జేసన్ ఫైలును చేత్తో రాసే బదులు, ఈ సాదా ఫైళ్ల నుంచి చిన్న స్క్రిప్టుతో తయారుచేసుకుంటే వెనుక గీతల బాధ తప్పుతుంది. రేపు ఎడిటర్ మారితే ఆ స్క్రిప్టు ఒక్కటే మారుతుంది.

వాడుతున్న యాప్‌లో డేటా ఎంత భద్రమో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. యాప్‌ను మూసేసి, నెట్ ఆపేసి, తన స్నిప్పెట్ ఒకటి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, చదివి, ఒక అక్షరం మార్చి, మళ్లీ యాప్ తెరిచి ఆ మార్పు కనబడుతుందో లేదో చూడటం. కనబడితే ఆ తునక రాసినవారి చేతిలోనే ఉన్నట్టు. కనబడకపోతే, ఎగుమతి చేసుకునే దారి ఏమిటో ఆ యాప్ ఇంకా పనిచేస్తుండగానే తెలుసుకోవాలి. ఆటమ్ వాడినవారికి ఆరు నెలల గడువైనా దొరికింది. ప్రతి కంపెనీ అంత వ్యవధి ఇస్తుందన్న భరోసా లేదు.